దీపం చుట్టూ రంగులు

నాటకశాల, తెర పక్క స్టూలు మీద నుంచి
జూన్ 9

ఒరే సోడాబుడ్డీ,

నేను క్షేమం, నువ్వు క్షేమమా అని మర్యాదలు రాసే ఓపిక లేదు. నేను క్షేమంగా లేను కాబట్టే రాస్తున్నాను. నీకేం, రోజంతా కళ్ళజోళ్ళ షాపులో మంచి వెలుతురు కింద కూర్చుని అద్దాలు నూరుకుంటావు. నేను చూడు, ఇరవై రెండేళ్ళుగా తెర పక్కన చీకట్లో, రేకు మూత వేసిన చిన్న బల్బు కింద పుస్తకం పట్టుకుని, మాట మర్చిపోయిన ప్రతివాడికీ గుసగుసగా మాట అందిస్తున్నాను. చప్పట్లు వాళ్ళకి, తలనొప్పి నాకు.

అవును, తలనొప్పే. ఎడమ కనుబొమ మీద మొదలై, కంట్లోకి దిగి, అక్కడే బైఠాయిస్తుంది. నాటకం ఉన్న సాయంత్రాల్లోనే వస్తుంది. రెండో అంకానికల్లా పుస్తకం మసకేస్తుంది. బల్బు చుట్టూ రంగుల చుట్టలు కనిపిస్తాయి, లోపల నీలం, బయట ఎరుపు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి గానీ వాటి మధ్య అక్షరాలు దొరకవు. ఇంటికెళ్ళి పడుకుని లేచేసరికి ఏమీ ఉండదు, కడిగిన ముత్యంలా ఉంటాను. కాబట్టి ఇది రోగం కాదు, నీ అద్దాల తప్పు. కిందటేడు పంపావే, ఆ జోడు నాకు కుదరలేదు. ప్లస్ మూడు చాలదేమో చూడు.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. నీ షాపు ఫోన్‌లో మాట్లాడితే నీ కస్టమర్లందరూ నాకు వైద్యం చెప్తారు. కిందటిసారి ఒకాయన నీ పక్కనుంచే అరిచి మరీ ఉల్లిపాయ వాసన చూడమన్నాడు.

రాజుగారు నిన్ను అడిగానని రాయమన్నారు. అదే, మా నాటకాల్లో ఎప్పుడూ రాజు వేషమే వేస్తారే, ఆయన. ఇంట్లో కూడా అలాగే మాట్లాడతారట, పాపం వాళ్ళావిడ. మూడో అంకంలో ఆయనకి ఒకే ఒక్క వాక్యం మూడేళ్ళుగా నోటికి రావట్లేదు. ప్రతిసారీ నేనే అందించాలి.

తొందరగా అద్దాలు పంపు.

నీ తల తినే అక్క


కళ్ళజోళ్ళ షాపు
జూన్ 15

అక్కా,

ఏమైనా అను గానీ నా అద్దాలకి వంక పెడితే ఊరుకోను. పంతొమ్మిదేళ్ళుగా ఈ పనే చేస్తున్నాను. నువ్వు అద్దాలు తుడిచే తీరు నాకు తెలియదా? చేతికి ఏ గుడ్డ దొరికితే అది, దాని మీద దుమ్మున్నా సరే. గీతలు పడిన అద్దంలోంచి దీపాన్ని చూస్తే రంగుల చుట్టలు కాక మరేం కనిపిస్తాయి? కొత్త జోడు పంపుతున్నాను. అర నంబరు పెంచాను. లోపల మెత్తటి గుడ్డ పెట్టాను, దాంతోనే తుడువు.

పార్శిల్లో పాత అక్షరాల అట్ట, దారం కూడా ఉన్నాయి. నేను పని నేర్చుకున్న మొదటి ఏడాది మొదట నీ మీదే పరీక్షించిన అట్ట ఇది. పద్ధతి గుర్తుందిగా? అట్ట గోడకి తగిలించు. దారం ఒక కొస అట్ట దగ్గర, ఇంకో కొస నీ ముక్కు దగ్గర. దారం బిగువుగా ఉన్న చోట నిలబడి, ఒక్కో కన్నూ మూసుకుని, ఏ వరుస దాకా చదవగలిగావో రాయి. పెద్ద డాక్టర్లు చేసేదీ ఇంతే, కాకపోతే వాళ్ళు కుర్చీ వేస్తారు.

డాక్టరంటే గుర్తొచ్చింది. మా షాపుకి ఎదురుగా కంటి డాక్టరమ్మ ఒకావిడ క్లినిక్ పెట్టింది. నేను పంపిన కస్టమరుతోనే, "అద్దాలమ్ముకునేవాడికి కళ్ళ గురించేం తెలుసు?" అందట. అప్పట్నుంచి ఆవిడకీ నాకూ మాటల్లేవు. ఆ బోర్డు వైపు కూడా చూడను.

ఇక తలనొప్పి అంటావా, అది మన ఇంటి ఆస్తి. నాన్నకి వచ్చేది కాదూ? పని నుంచి రాగానే కిటికీలు మూయించి, కళ్ళకి గుడ్డ కట్టుకుని చీకటి గదిలో పడుకునేవాడు. "నాన్న చీకట్లో ఉన్నాడు, నోళ్ళు మూసుకోండి" అని అమ్మ మనల్ని వీధిలోకి తరిమేది. పొద్దున్నకి నవ్వుతూ లేచేవాడు. నువ్వూ అలాగే చెయ్యి. అమ్మా నాన్నా మనకి వదిలి వెళ్ళిన వైద్యం అదొక్కటే.

తమ్ముడు


నాటకశాల, దుస్తుల గది
జూలై 20

ఒరే తమ్ముడూ,

నీ అట్ట గోడకి తగిలించి, నీ దారం ముక్కుకి పట్టుకుని నిలబడితే దుస్తులు కుట్టే ఆవిడ నన్ను చూసి దండం పెట్టుకుంది, ఏదో క్షుద్రపూజ అనుకుని. ఫలితం రాసుకో: కుడి కన్ను చివరి వరుస దాకా, ఎడమ కన్ను చివరి వరుస దాకా. ఒక్క అక్షరం పోలేదు. నువ్వు మంచి పనివాడివేరా, ఒప్పుకున్నాను.

కొత్త అద్దాలతో పది రోజులు హాయిగా ఉంది. తర్వాత మళ్ళీ మొదలైంది. కిందటి శనివారం నొప్పితో పాటు వాంతి కూడా అయింది. మేనేజరుగారి ఫ్లాస్కులో టీ పొద్దుటిది, దాని పుణ్యమే అనుకుంటాను. ఆ సాయంత్రమే రాజుగారు కత్తి పైకెత్తి, నోరు తెరిచి, నా వైపు చూశారు. నేను పుస్తకం వైపు చూశాను. పుస్తకంలో తెల్లకాగితం తప్ప ఏమీ లేదు. ఆయన అలాగే నిలబడిపోయారు. జనం అది నటన అనుకుని చప్పట్లు కొట్టారు. ఆయన లోపలికొచ్చి, "అమ్మా, నన్ను చంపేశావు" అన్నారు. ఇరవై రెండేళ్ళలో నేను మాట అందించలేకపోవడం అదే మొదలు. నవ్వుతూ రాస్తున్నాను గానీ ఆ పూట ఇంటికెళ్ళి ఏడ్చాను.

నువ్వు చెప్పినట్టే నాన్న వైద్యం చేసుకున్నాను. దుస్తుల గదిలో లైట్లార్పి, కళ్ళకి గుడ్డ కట్టుకుని కూర్చున్నాను. మొదట నొప్పి ఇంకా పెరిగింది. పోయేముందు అలాగే ఉంటుందిలే అని ఓర్చుకున్నాను. ఎప్పుడో నిద్ర పట్టింది. లేచేసరికి లేదు. నాన్న వైద్యమే వైద్యం.

అయినా ఒకసారి నంబరు చూడరా.

అక్క


కళ్ళజోళ్ళ షాపు
జూలై 26

అక్కా,

చివరి వరుస దాకా చదివావంటే కన్ను భేషుగ్గా ఉన్నట్టే. నా కస్టమర్లలో నీ వయసువాళ్ళెవరూ చివరి వరుస చదవలేరు. కాబట్టి ఇక కళ్ళ మీద నింద వెయ్యకు. నొప్పికి కారణం మీ స్టేజి లైట్లు. చీకట్లో కూర్చున్నదానివి, ఆ తెల్ల వెలుగు వైపు మాటిమాటికీ చూస్తుంటే ఎవరి తలైనా బద్దలవుతుంది. అందుకని నల్లద్దాల జోడు తయారు చేశాను, నీ నంబరుతోనే. రంగు నేనే దగ్గరుండి వేయించాను. బయటా, స్టేజి పక్కనా, నొప్పిగా ఉన్నప్పుడు ఇంట్లో కూడా పెట్టుకో. కంటికి ఎంత చీకటి ఉంటే అంత విశ్రాంతి.

నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటానని చిన్నప్పట్నుంచీ వెక్కిరిస్తావుగా. ఈసారి లెక్కపెట్టి చూసుకో, మూడే ఉంటాయి.

ఆ టీ మానెయ్.

తమ్ముడు


నాటకశాల, తెర పక్క
సెప్టెంబర్ 3

తమ్ముడూ,

ఆలస్యానికి తిట్టకు. రాయాలంటే బద్ధకంగా ఉంటోంది. అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను, కాగితం దండగ అయినా ఫరవాలేదు.

నల్లద్దాలు పెట్టుకుంటే దొంగల ముఠా నాయకురాలిలా ఉన్నానట. రాజుగారు నా పక్కనుంచి వెళ్ళేటప్పుడు జేబు పట్టుకుని వెళ్తున్నారు. నొప్పి వస్తోంది, పోతోంది. వచ్చినప్పుడు చీకట్లో కూర్చుంటున్నాను. అలవాటైపోయింది.

ఒక గొప్ప చెప్పుకోనా? ఇప్పుడు నేను పుస్తకం తెరవకుండానే మాట అందిస్తున్నాను. ఆరు నాటకాలూ నోటికొచ్చు నాకు, మొదటి మాట నుంచి ఆఖరి మాట దాకా. మేనేజరుగారు కొత్తవాళ్ళకి నన్ను చూపించి, "పుస్తకమే మనిషై కూర్చుంది చూడండి" అంటున్నారు. రేకు బల్బు కూడా తీసేయించాను, ఎందుకది, కళ్ళకి శ్రమ.

ఎడమ మోకాలు వాచింది. సింహాసనం ఎప్పుడూ ఉండే చోట కాకుండా ఇంకోచోట పెట్టినట్టున్నారు. అంతకుముందు తలుపు, దానికి ముందు మెట్టు. ఈ వయసులో నాకు తొందరెక్కువైందని అందరూ నవ్వుతున్నారు.

వచ్చేవారం నుంచి నెల రోజులు ఊళ్ళ మీద ప్రదర్శనలు. అడ్రసు నిలకడగా ఉండదు, తిరిగొచ్చాక రాస్తాను.

ఒరే, నాన్న చివర్లో గోడ పట్టుకుని నడిచేవాడు కదా. అది ముసలితనమేనంటావా? ఊరికే అడిగాను.

అక్క


కళ్ళజోళ్ళ షాపు
సెప్టెంబర్ 19

అక్కా,

ఈ ఉత్తరం అందిన నిమిషం అందినట్టే బయల్దేరి, దగ్గర్లో ఉన్న పెద్ద కంటి ఆసుపత్రికి వెళ్ళు. ప్రదర్శన ఉన్నా సరే. తెర ఎత్తేసినా సరే. కారణం తర్వాత చదువుదువుగాని, ముందు వెళ్ళు.

నాటకశాలకి ఫోన్ చేశాను. వాచ్‌మన్ తప్ప ఎవరూ లేరు. మీరు వెళ్ళే మూడు ఊళ్ళ పేర్లు చెప్పాడు గానీ ఏ రోజు ఎక్కడుంటారో తెలియదన్నాడు. మూడు ఊళ్ళలోని నాటకశాలలకీ ఫోన్ చేశాను. ఒకచోట మీరింకా రాలేదన్నారు, ఒకచోట వెళ్ళిపోయారన్నారు, మూడోచోట ఎవరూ ఎత్తలేదు. అందుకని ఇదే ఉత్తరం మూడుసార్లు రాసి, మీరు వెళ్ళిపోని రెండు ఊళ్ళకీ ఒక్కోటి, మీ నాటకశాలకి ఒకటి పంపుతున్నాను. నేనే బయల్దేరదామంటే ఏ బస్సెక్కాలో తెలియడం లేదు. కళ్ళల్లో ఒత్తులేసుకుని ఫోన్ ముందు కూర్చున్నాను.

నువ్వు ఊరికే అడిగానన్న మాట నన్ను పది రోజులు నిద్రపోనివ్వలేదు. ఇవాళ పొద్దున్న రోడ్డు దాటి ఆ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. "ఒక కస్టమర్ ఉందండి, నడివయసావిడ. అద్దాలు ఎన్నిసార్లు మార్చినా తలనొప్పి పోవట్లేదు" అన్నాను.

ఆవిడ ఏదో రాసుకుంటూనే, "ప్లస్ అద్దాలా?" అంది.

"ప్లస్సేనండి. వాళ్ళింట్లో అందరికీ ప్లస్సే."

"సాయంత్రాలొస్తుందా? నిద్రపోతే తగ్గుతుందా?"

"అవునండి."

"దీపం చుట్టూ రంగులు కనిపిస్తాయందా?"

నేను తలూపాను. ఆవిడ పెన్ను కింద పెట్టింది. "ఎక్కడుందావిడ? ఇప్పుడే పిలుచుకు రండి."

"ఊళ్ళో లేదండి. మా అక్క" అన్నాను.

అక్కా, ఇది గ్లకోమా. పెద్దవాళ్ళు నీటికాసులు అనేవారే, అది. కన్ను లోపల ఎప్పుడూ ఒక నీరు ఊరుతూ, ఒక సందులోంచి బయటికి పోతూ ఉంటుందట. ప్లస్ అద్దాలవాళ్ళ కన్ను చిన్నది, ఆ సందు ఇరుకు. చీకట్లో కంటిపాప పెద్దదైతే సందు మూసుకుపోతుంది. నీరు లోపలే నిలిచి కన్ను బిగిసిపోతుంది. ఆ నొప్పినే నువ్వు తలనొప్పి అన్నావు, నేను నంబరు అన్నాను. నిద్రలో పాప చిన్నదవుతుంది, అందుకే పొద్దున్నకి తగ్గేది. ప్రతి తలనొప్పీ ఇది కాదట, ఏ వేయింటికో ఒకటి. ఈ జబ్బు చాలామందికి నొప్పే లేకుండా వచ్చి చూపు పట్టుకుపోతుందట. నీకు నొప్పి పెట్టి మరీ చెప్పింది. వినాల్సినవాణ్ణి నేను, వినలేదు.

అట్ట చివరి వరుస దాకా చదివిందండీ అన్నాను. "అట్టతో తెలిసేది నడిమి చూపు. ఇది అంచుల నుంచి తింటుంది" అంది. అప్పుడు నీ మోకాలు గుర్తొచ్చింది. నాన్న గోడ గుర్తొచ్చింది. ఎవరో ముసలాయన నాన్నని చూసి నీటికాసులేమో అంటే, "కాసులట, మన ఇంటికెందుకొస్తాయి" అని అమ్మ నవ్వడం గుర్తొచ్చింది. మనమూ నవ్వాం.

నల్లద్దాలు తీసి పారెయ్. చీకట్లో కూర్చోకు. కళ్ళకి గుడ్డ కట్టుకోకు. నేను చెప్పిందేదీ చెయ్యకు.

తమ్ముడు


కంటి ఆసుపత్రి, ఆడవాళ్ళ వార్డు
సెప్టెంబర్ 27

తమ్ముడూ,

చేతిరాత చూసి కంగారు పడకు. నేను చెప్తున్నాను, రాజుగారు రాస్తున్నారు. ఇన్నేళ్ళూ నేను చెప్తే ఆయన పలికారు, ఇప్పుడు నేను చెప్తే ఆయన రాస్తున్నారు. తప్పులేమైనా ఉంటే ఆయనవే, నావి కావు.

నీ దగ్గర్నుంచి ఈ నెలలో ఉత్తరం లేదు. ఎక్కడికి రాస్తావులే, పాపం.

రెండో ఊళ్ళో, ఇరవై ఒకటో తేదీ నాటకం మధ్యలో నొప్పి వచ్చింది. ఈసారి వచ్చినట్టు ఎప్పుడూ రాలేదు. వాంతులాగలేదు. అక్కడి డాక్టరు వచ్చి, కడుపు నొక్కి, తల నొక్కి, పార్శ్వపు నొప్పి అన్నాడు, బిళ్ళలిచ్చాడు. నాకు తెలిసిన వైద్యం నేను చేసుకున్నాను. లాడ్జి గది పరదాలు వేయించి, నల్లద్దాలు పెట్టుకుని, నొప్పి తగ్గకపోతే అవి తీసి గుడ్డ కట్టుకుని, రెండు రోజులు పడుకున్నాను. ఈసారి నిద్ర రాలేదు. మూడో రోజు గుడ్డ విప్పితే ఎడమవైపు ఇంకా గుడ్డ ఉన్నట్టే ఉంది. రాజుగారు చూసి, కన్ను నిప్పులా ఉందని, బృందం బస్సులో ఇక్కడికి తెచ్చారు.

(ఆమె రాయొద్దంటోంది, అయినా రాస్తున్నాను. డాక్టరు రెప్ప మీద వేలితో నొక్కి, కన్ను రాయిలా ఉందన్నారు. ఎందుకు ఇన్ని రోజులు ఆగారని నన్ను కోప్పడ్డారు. నాకు తెలియదు బాబూ. మాకెవరికీ తెలియదు.)

రెండు కళ్ళకీ లేజరుతో చిన్న రంధ్రం చేశారు. నీరు పోవడానికట. ఐదేసి నిమిషాలు పట్టింది. నొప్పి పోయింది. ఎడమ కన్ను కూడా పోయింది. చెయ్యి ఊపితే ఏదో కదిలినట్టుంటుంది, అంతే. కుడికన్నులో నడిమి చూపు మాత్రం మిగిలింది, చుట్టూ ఎప్పుడో తినేసిందట. మందులు మళ్ళీ తెస్తాయా అని అడిగాను. "పోయింది తెచ్చే మందు ఎక్కడా లేదమ్మా. ఉన్నది నిలబెట్టుకోవడానికే ఈ చుక్కలు, జీవితాంతం" అన్నారు. ఆయన మంచివాడే. అబద్ధం ఆడితే బాగుండునని నాకే అనిపించింది.

నీకొకటి చెప్పాలి. నీ అట్ట నాకు కంఠతా వచ్చు. ఇరవై ఏళ్ళుగా అదే అట్ట కదరా. నేనేమో ఒకసారి చూసింది మర్చిపోని దాన్ని, నా బతుకుతెరువే అది. ఎడమ కన్నుతో చూస్తుంటే చివరి వరుసలు కనిపిస్తున్నాయా, గుర్తొస్తున్నాయా అని నాకే అనుమానం వచ్చింది. అడుగుదామనుకుని కూడా అడగలేదు. కనిపించడం లేదని తేలితే మాట అందించే పని పోతుందని భయపడ్డాను. పుస్తకం మూసేసిందీ అందుకే. గొప్పకి కాదు. తప్పు నాది, నువ్వేం చేస్తావు, నేను రాసిందే నమ్మావు.

డాక్టరు నల్లద్దాలు చూసి, ఎవరిచ్చారని అడిగారు. బజారులో కొన్నానని చెప్పాను.

(ఇక్కడ ఆపేసింది. ఇంకేం రాయమంటావంటే చాలంది.)

అక్క


కళ్ళజోళ్ళ షాపు
అక్టోబర్ 21

అక్కా,

మూడు రోజులు నీ మంచం పక్కన కూర్చుని వచ్చాను. చుక్కలు వేశాను, పళ్ళు కోసిచ్చాను, వార్డులో అందరి కళ్ళజోళ్ళకీ మరలు బిగించాను. చెప్పడానికి వెళ్ళిన ముక్క మాత్రం చెప్పలేకపోయాను. వచ్చినవాళ్ళందరితో నువ్వు, "మా తమ్ముడండీ, కళ్ళ డాక్టరంతవాడు" అంటుంటే నోరెలా పెగులుతుంది? ఇక్కడికొచ్చాక రాస్తున్నాను.

అట్ట తప్పంతా నీ మీద వేసుకున్నావు. అట్ట మార్చాలని పని నేర్పినవాడే మొదటి రోజు చెప్పాడు. నువ్వు తప్ప మరెవరికీ నేను ఆ పాతది పంపలేదు. నీకైతే ఏదైనా చాలుననుకున్నాను.

అసలు సంగతి అది కూడా కాదు. డాక్టరమ్మ బోర్డు వైపు చూడనని రాశానే, అబద్ధం. నా బల్ల ముందు కూర్చుంటే కనిపించేదే అది. వేసవిలో తలుపుకి ఒక కాగితం అంటించింది, పెద్దక్షరాలతో. కనుబొమల మీద నొప్పి, సాయంత్రాలు చూపు మసక, దీపం చుట్టూ రంగుల వలయాలు, ఇవుంటే వెంటనే చూపించుకోండి అని. నీ మొదటి ఉత్తరం చేతిలో ఉండగా ఆ కాగితం చదివాను. అదే మాట, అదే రంగులు. మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఆ పక్కనే ఉన్న కస్టమరుతో, "చూశారా, గిరాకీ లేక తలనొప్పిని కూడా కంటి జబ్బు చేసేసింది" అన్నాను. ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. తర్వాత కూర్చుని నీకు గీతల సంగతి రాశాను.

రోడ్డు వెడల్పు ఇరవై అడుగులు. జూన్‌లో దాటి ఉంటే నీకు రెండు కళ్ళూ ఉండేవి. ఆవిడ నన్ను అద్దాలమ్ముకునేవాడన్నదని దాటలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు, ఇక్కడ కాలింది నీ చేతులు.

ఇంకొకటుంది. రాయకుండా ఉండాలని చాలా చూశాను. తోబుట్టువులకి కూడా ఉండొచ్చని డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి చూసింది. నాకూ ఆ సందు ఇరుకే. నాకు ఒక్కనాడూ తలనొప్పి రాలేదు. ఆ గదిలోనే లేజరు పెట్టి రంధ్రాలు చేసింది. లేచి వచ్చి మధ్యాహ్నం షాపు తెరిచాను. అంతే అక్కా. నాకిక భయం లేదట. నీ కన్ను నా కన్నుని కాపాడింది, నేను మాత్రం నీకు నల్లద్దాలు పంపాను.

మూడు ఉత్తరాల్లో రెండు నాకే తిరిగొచ్చాయి. మూడోది ఎక్కడుందో.

నన్నేం చెయ్యమంటావో చెప్పు. షాపు మూసేసి వచ్చి నీ దగ్గర ఉండమంటే ఉంటాను. రావద్దంటే రాను. రోజూ అద్దాలు నూరుతుంటే నా చేతులు నాకే అసహ్యంగా ఉన్నాయి. ఒక్కసారి తిట్టు. నువ్వు ఏమీ అనకుండా నా తల నిమరడం నాకు భరించరాకుండా ఉంది.

తమ్ముడు


నాటకశాల, టిక్కెట్ల కిటికీ
డిసెంబర్ 4

ఒరే తమ్ముడూ,

ఈ ఉత్తరం నా చేత్తోనే రాస్తున్నాను. వరుసలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే విడదీసుకుని చదువుకో.

నీ ఉత్తరం చదవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఒక్కో మాటా దొరకబుచ్చుకుని, అది పోకుండా వేలు పెట్టి, తర్వాతి మాట వెతుక్కోవాలి. తాళం సందులోంచి గది చూసినట్టుంటుంది. ఎవరితోనైనా చదివించుకోవచ్చు గానీ, తమ్ముడి ఉత్తరం ఇంకొకరి గొంతుతో వినబుద్ధి కాలేదు. ఇకమీదట క్షమాపణలు ఇంత పొడుగు రాయకు. ఉన్న కాస్త చూపూ వాటికే పెట్టలేను.

నీ మూడో ఉత్తరం ఇక్కడే ఉంది. మేము ఊళ్ళు తిరిగి వచ్చేదాకా వాచ్‌మన్ భద్రంగా దాచాడు. పంతొమ్మిదో తేదీ రాశావు. నాకు నొప్పి వచ్చింది ఇరవై ఒకటిన. ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఎవరినైనా తిట్టాలనిపించింది. వాచ్‌మన్‌నా, పోస్టువాళ్ళనా? చివరికి ఎవరూ దొరకలేదు.

మాట అందించే పని పోయింది. రాజుగారు మేనేజరుతో వారం పోట్లాడారు, నోటికొచ్చు కదా, పుస్తకమెందుకు అని. కానీ ఎవరు స్టేజి మీదికొచ్చారో, ఎవరు నోరు తెరిచి నిలబడ్డారో కనిపించాలి కదరా. ఎడమవైపు నుంచి వచ్చేవాళ్ళు నాకు లేనట్టే. ఒకరి మాటని ఇంకొకరికి అందించాను ఒకరోజు. జనం నవ్వారు. మర్నాడు నేనే మానేశాను. ఇప్పుడు పగటి పూట టిక్కెట్ల కిటికీ దగ్గర కూర్చుంటున్నాను. టీ గ్లాసు బల్ల మీద పెడుతున్నాననుకుని గాల్లో పెడుతుంటాను. ఇప్పటికి మూడు పగిలాయి. కొత్తగా వచ్చిన అమ్మాయి పుస్తకం చూసి మాట అందిస్తోంది, ఒక్కోసారి ఆలస్యంగా. లోపల రిహార్సలు జరుగుతుంటే నాకు వినిపిస్తుంది. నోటి చివరిదాకా వచ్చిన మాటని మింగుతాను.

తిట్టమన్నావు. సరే విను. నీ మీద నాకు కోపం ఉంది. ఆసుపత్రిలో లేదు, అప్పుడు భయమే ఉంది. ఆ కాగితం చదివి నవ్వావని రాశావే, ఆ ముక్క మీద వేలు పెట్టిన దగ్గర్నుంచి ఉంది. నా మీద కూడా ఉంది, అబద్ధం ఎందుకు. కానీ నా మీది కోపం పెద్దగా పనికి రావడం లేదు. ఎడమ కన్ను మూసినా ఒకటే తెరిచినా ఒకటే, నన్ను నేను తిట్టుకున్నా అంతే.

నీ కళ్ళు బాగయ్యాయని చదివినప్పుడు నాకు సంతోషం కలగలేదు. తర్వాత కలిగింది. మధ్యలో ఎన్ని రోజులు పట్టిందో నీకు చెప్పను.

షాపు మూయకు. అట్టలు కొత్తవి కొను. నీ బల్ల ముందు కూర్చుని తలనొప్పి అన్నవాళ్ళని లేపి, చెయ్యి పట్టుకుని ఆ రోడ్డు దాటించు. నాకు చెయ్యగలిగింది ఏమీ లేదని డాక్టరు చెప్పారు కదా, నువ్వు కూడా ఏమీ చెయ్యలేవు. చెయ్యాలని చూడకు, నాకు ఇంకా కష్టంగా ఉంటుంది.

కోపం తగ్గాక రమ్మని రాద్దామని నెల రోజులు ఆగాను. తగ్గేలా లేదు. అందుకని ఈ శుక్రవారమే రా. వచ్చాక నన్ను ఎడమవైపు నుంచి పలకరించకు, ఉలిక్కిపడతాను.

అక్క